పెద్ద బ్యాంకు వర్చువల్ ఇంటర్న్‌షిప్: విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

పెద్ద బ్యాంకుల పేరుతో ఆన్‌లైన్‌లో కనిపించే వర్చువల్ ఇంటర్న్‌షిప్‌లన్నీ ఒకే రకానివి కావు. బ్యాంకు ముందుగానే తయారుచేసి పెట్టిన నమూనా పనులను ఎవరైనా, ఎప్పుడైనా, ఉచితంగా, తమ వీలునుబట్టి పూర్తి చేసుకోగలిగేవి ఒక రకం. వీటికి ఎంపిక ప్రక్రియ ఉండదు, మేనేజరు ఉండరు, జీతమూ ఉండదు. జేపీ మోర్గాన్, గోల్డ్‌మన్ శాక్స్, ఏఎన్‌జెడ్ వంటి బ్యాంకులు ఫోరేజ్ అనే వేదిక ద్వారా అందించిన ప్రోగ్రామ్‌లు ఈ కోవకు చెందుతాయి. దరఖాస్తు, పరీక్ష, ఇంటర్వ్యూ దాటి ఎంపికైన విద్యార్థి జీతం తీసుకుంటూ, బ్యాంకు ఇచ్చిన లాప్‌టాప్ మీద, బ్యాంకు బృందంతో కలిసి దూరం నుంచి పనిచేసేది రెండో రకం. 2020లో కొవిడ్ కారణంగా గోల్డ్‌మన్ శాక్స్, జేపీ మోర్గాన్ తమ వేసవి ఇంటర్న్‌షిప్‌ను అయిదు వారాలకు కుదించి ఇళ్ల నుంచే నడిపించినప్పుడు ఈ రెండో రకం గురించి అందరికీ తెలిసింది.

నేను పూర్తి చేసినది మొదటి రకానికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ప్రోగ్రామ్ కనుక ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే దక్కింది. రెండో రకానికి ఎంపికైనవారు తప్పక తెలుసుకోవలసిన నియమాలను చివరి భాగంలో చేర్చాను. మొదలుపెట్టే ముందు ఒక విషయం గుర్తుంచుకోవాలి. స్వయంగా చేసుకునే ప్రోగ్రామ్‌లో అడిగిన ఫైళ్లన్నీ అప్‌లోడ్ చేసిన ప్రతివారికీ సర్టిఫికెట్ వస్తుంది. అందువల్ల రిక్రూటర్లు దానికి ఇచ్చే విలువ కొద్దిపాటిదే. ఆ పనిని బ్యాంకు ఎందుకు అడిగిందో, మీరు దాన్ని ఎలా చేశారో అయిదు నిమిషాల పాటు తడుముకోకుండా చెప్పగలిగితే మాత్రం ఇంటర్వ్యూ చేసేవారు మిమ్మల్ని చూసే తీరే మారిపోతుంది. కింది అడుగులన్నీ ఆ అయిదు నిమిషాల కోసమే.

మొదటి అడుగు: ప్రోగ్రామ్‌ను ఎంచుకోవడం

బ్యాంకు పేరు చూసి ఎంచుకోవడం కంటే, మీరు ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేయబోతున్నారో ఆ పనికి దగ్గరగా ఉన్న ప్రోగ్రామ్‌ను ఎంచుకోవడం మేలు. కోడ్ రాయడం మీ దారి అయితే జేపీ మోర్గాన్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ప్రోగ్రామ్ సరిపోతుంది. కింద నేను వివరించబోయే పాత రూపంలో పైథాన్, టైప్‌స్క్రిప్ట్, రియాక్ట్ అవసరమవుతాయి. తరువాత వచ్చిన రూపం జావాకు మారి, మిడాస్ అనే ప్రాజెక్టు చుట్టూ స్ప్రింగ్ బూట్, కాఫ్కా అనే సాధనాలతో, హెచ్2 అనే డేటాబేస్‌తో లావాదేవీలను నమోదు చేయిస్తుంది. డేటా వైపు వెళ్లేవారికి ఏఎన్‌జెడ్ డేటా ప్రోగ్రామ్, సైబర్ భద్రత మీద ఆసక్తి ఉన్నవారికి గోల్డ్‌మన్ శాక్స్ ప్రోగ్రామ్ మంచి ఉదాహరణలు. ఇలాంటి ప్రోగ్రామ్‌లను బ్యాంకులు ఎప్పటికప్పుడు మారుస్తుంటాయి కాబట్టి, చేరే రోజున పేజీలో ఉన్న టాస్కుల వివరణను మొదటి నుంచి చివరి దాకా చదివి, అందులో సగం పరిచయం ఉండి సగం కొత్తగా అనిపించేదాన్ని ఎంచుకోండి. అన్నీ తెలిసినవే అయితే నేర్చుకునేది ఉండదు. ఏదీ తెలియనిదైతే నమూనా జవాబును చూసి కాపీ కొట్టడం తప్ప దారి ఉండదు.

ఈ దశలోనే మోసాల సంగతి కూడా చెప్పుకోవాలి. బ్యాంకు పేరు పెట్టుకుని రిజిస్ట్రేషన్ ఫీజు, శిక్షణ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్ వంటివి అడిగేవారు బ్యాంకు మనుషులు కారు. బ్యాంకు చిరునామా కాకుండా ఎవరో వ్యక్తుల సొంత ఈమెయిల్ చిరునామాల నుంచి వచ్చే ఆఫర్ లెటర్లను నమ్మవద్దు. మీకు వచ్చిన లింకును నొక్కకుండా, బ్యాంకు అధికారిక వెబ్‌సైట్‌లోని కెరీర్స్ పేజీకి స్వయంగా వెళ్లి, అక్కడి నుంచే ప్రోగ్రామ్‌ను చేరుకోండి.

రెండో అడుగు: కంప్యూటర్‌ను సిద్ధం చేయడం

ప్రోగ్రామ్ పేజీలో అయిదారు గంటల పని అని రాసి ఉండవచ్చు కానీ, ఆ లెక్కలో మీ కంప్యూటర్‌ను సిద్ధం చేసుకునే సమయం సాధారణంగా కలవదు. చాలామంది మధ్యలో వదిలేసేది ఇక్కడే, కోడ్ దగ్గర కాదు. పాత రియాక్ట్ ప్రాజెక్టును కొత్త నోడ్ (జావాస్క్రిప్ట్‌ను నడిపే సాధనం) వెర్షన్‌తో నడపబోతే, నోడ్ 17 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీని వాడుతున్నందువల్ల, ఎన్‌క్రిప్షన్‌కు సంబంధించిన ఒక అర్థంకాని ఎర్రర్‌తో అది ఆగిపోతుంది. మీ కోడ్‌లో తప్పేమీ లేకపోయినా వచ్చే ఎర్రర్ ఇది. ఎన్‌వీఎం అనే చిన్న సాధనంతో ఒకే కంప్యూటర్‌లో పలు నోడ్ వెర్షన్లను ఉంచుకుని, సూచనల్లో అడిగిన వెర్షన్‌కు మారడమే దీనికి సరైన మార్గం. పైథాన్ విషయంలోనూ అంతే: పైథాన్ 2 కోసం రాసిన ఫైలు, పైథాన్ 3 కోసం రాసిన ఫైలు పక్కపక్కనే ఉన్నప్పుడు దేన్ని నడుపుతున్నారో చూసుకోవాలి.

కోడ్‌లో చేసిన మార్పులను నమోదు చేసే గిట్ అనే సాధనం రాకపోతే ముందుగా దాన్ని నేర్చుకోండి. క్లోన్, యాడ్, కమిట్ అనే మూడు ఆదేశాలతో పాటు ఫార్మాట్‌ప్యాచ్ అనే నాలుగోది కూడా తెలియాలి, ఎందుకంటే జేపీ మోర్గాన్ ప్రోగ్రామ్ పాత రూపంలోని టాస్కులలో మొత్తం ప్రాజెక్టుకు బదులు మీరు చేసిన మార్పులు మాత్రమే ఉండే ప్యాచ్ ఫైలును అప్‌లోడ్ చేయాలి. తరగతి గదిలో మనకు పరిచయం లేని పద్ధతి ఇది. వేరొకరు రాసిన వేల పంక్తుల కోడ్‌లో తాను ఏ పంక్తులను మార్చాడో ఖచ్చితంగా చూపించడం ఉద్యోగంలో ప్రతిరోజూ చేయవలసిన పని కనుక, అప్‌లోడ్ చేసే ముందు ఆ ప్యాచ్ ఫైలును తెరిచి, కూడిక గుర్తు, తీసివేత గుర్తు ఉన్న పంక్తులను ఒక్కొక్కటిగా చదవండి. అనవసరంగా మారిన ఖాళీలు, మరిచిపోయిన పరీక్షా పంక్తులు అక్కడ బయటపడతాయి.

మూడో అడుగు: టాస్కు వెనుక ఉన్న ప్రశ్నను పట్టుకోవడం

ఈ భాగం మీద ఎంత సమయం పెడితే అంత లాభం. జేపీ మోర్గాన్ ప్రోగ్రామ్ పాత రూపంలోని మొదటి టాస్కునే ఉదాహరణగా తీసుకుందాం. బ్యాంకు మీకు ఒక చిన్న సర్వరు ప్రోగ్రామ్‌ను ఇస్తుంది. అది ఏబీసీ, డీఈఎఫ్ అనే రెండు కల్పిత షేర్ల ధరలను, మార్కెట్ నడుస్తున్నట్టుగానే, ఒకదాని వెంట ఒకటి పంపుతూ ఉంటుంది. ఆ ధరలను అందుకునే పైథాన్ ఫైలు కూడా ఇస్తారు, కానీ అందులో లెక్క తప్పు. ఏ షేరుకైనా ఒకే క్షణంలో రెండు ధరలు ఉంటాయి: కొనేవారు ఇవ్వడానికి సిద్ధపడిన అత్యధిక ధర బిడ్, అమ్మేవారు ఒప్పుకునే అత్యల్ప ధర ఆస్క్. ఇచ్చిన కోడ్ బిడ్‌నే షేరు ధరగా చూపిస్తుంది. రెండు షేర్ల నిష్పత్తిని లెక్కించవలసిన ఫంక్షన్, ఏ ధరలు ఇచ్చినా 1 అనే జవాబునే తిప్పి పంపుతుంది. మీరు బిడ్, ఆస్క్‌ల సగటును ధరగా తీసుకుని, మొదటి షేరు ధరను రెండో దానితో భాగించాలి. మార్చవలసినవి నాలుగైదు పంక్తులకు మించవు. చాలామంది వాటిని రాసేసి, పని అయిపోయిందనుకుని రెండో టాస్కుకు వెళ్లిపోతారు.

అక్కడ ఆగి, సగటు ఎందుకు అని అడగాలి. పరీక్ష ఫైలులో ఇచ్చిన అంకెలతోనే చూద్దాం. ఏబీసీకి బిడ్ 120.48, ఆస్క్ 121.20, డీఈఎఫ్‌కు బిడ్ 117.87, ఆస్క్ 121.68. బిడ్‌లను మాత్రమే తీసుకుంటే నిష్పత్తి 1.0221 వస్తుంది, అంటే ఏబీసీ రెండు శాతం పైగా ఖరీదైనట్టు కనిపిస్తుంది. సగటులు తీసుకుంటే 120.84ను 119.775తో భాగించగా 1.0089 వస్తుంది, అంటే ఒక శాతం కూడా తేడా లేదు. డీఈఎఫ్‌లో బిడ్‌కూ ఆస్క్‌కూ మధ్య ఎడం ఎక్కువగా ఉండటమే ఈ తేడాకు కారణం. హెచ్చరిక హద్దును 1.02 దగ్గర పెట్టుకున్న ట్రేడరుకు మొదటి లెక్క అనవసరపు హెచ్చరిక ఇస్తుంది, రెండోది ఇవ్వదు. నాలుగు పంక్తుల కోడ్ వెనుక ఇంత ఉందని ఎవరూ విడమరిచి చెప్పరు. కాగితం మీద లెక్క వేసుకుంటేనే తెలుస్తుంది.

అలాగే రెండో షేరు ధర సున్నా అయితే ఏమవుతుందో ఆలోచించాలి. భాగహారం విఫలమై ప్రోగ్రామ్ ఆగిపోతే, ఆ క్షణంలో ట్రేడరు ముందున్న తెర కూడా ఆగిపోతుంది. అందుకే ఆ సందర్భంలో ఏ విలువా లేదని తిప్పి పంపే ఒక షరతు రాయాలి. పరీక్ష ఫైలులో ఆస్క్ కంటే బిడ్ ఎక్కువగా ఉన్న సందర్భం కూడా ఒకటి ఇస్తారు: బిడ్ 120.48, ఆస్క్ 119.20. సాధారణ పరిస్థితుల్లో అలా ఉండకూడదు, ఎందుకంటే ఆ రెండు ఆర్డర్లూ వెంటనే ఒకదానితో ఒకటి కుదిరిపోవాలి. డేటాలో అలాంటిది కనిపిస్తే మీ కోడ్ ఎలా నడుచుకోవాలో నిర్ణయించుకుని, ఆ నిర్ణయాన్ని పరీక్షగా రాసి పెట్టండి. యూనిట్ టెస్టులు (కోడ్‌లోని ఒక్కో భాగాన్ని విడిగా సరిచూసే చిన్న పరీక్షలు) ఐచ్ఛికమని టాస్కులో రాసి ఉన్నా, నా దృష్టిలో మొత్తం ప్రోగ్రామ్‌లో వదలకూడని భాగం ఇదే.

రెండో, మూడో టాస్కులు ఇదే కథను కొనసాగిస్తాయి. జేపీ మోర్గాన్‌లోనే పుట్టి, ఓపెన్ సోర్సుగా (కోడ్ అందరికీ తెరిచి) ఫినోస్ అనే ఆర్థిక రంగ ఓపెన్ సోర్సు సంస్థ చేతికి వెళ్లిన పర్‌స్పెక్టివ్ అనే సాధనంతో ఆ ధరలను గ్రాఫుగా గీయించాలి. మొదట ఇచ్చిన కోడ్ బటన్ నొక్కినప్పుడు ఒక్కసారే డేటాను తెస్తుంది. దాన్ని ఆగకుండా తెచ్చేలా మార్చాలి, ఒకే వివరం రెండుసార్లు వస్తే ఒక్కటిగా కలపాలి. చివరి టాస్కులో గ్రాఫు నుంచి విడివిడి ధరలను తొలగించి, నిష్పత్తిని మాత్రమే ఉంచి, చారిత్రక సగటుకు పైనా కిందా హద్దులు గీసి, నిష్పత్తి హద్దు దాటిన క్షణాన హెచ్చరిక కనిపించేలా చేయాలి. ఎప్పుడూ జంటగా నడిచే రెండు షేర్లలో ఒకటి దారి తప్పినప్పుడు, మళ్లీ దగ్గరకు వస్తాయన్న అంచనాతో ఖరీదైనదాన్ని అమ్మి చవకైనదాన్ని కొనే వ్యూహం దీని వెనుక ఉంది. ట్రేడరుకు కావలసింది అందమైన గ్రాఫు కాదు, ఆ ఒక్క క్షణం. రెండు గీతలు ఒకదానిమీద ఒకటి పడి గజిబిజిగా ఉండే గ్రాఫులో ఆ క్షణం కంటికి ఆనదు కనుకనే ధరలను తీసేయమన్నారని అర్థమైతే, మూడో టాస్కు సూచనలు వేరుగా కనిపిస్తాయి.

ఇతర బ్యాంకుల టాస్కులకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఏఎన్‌జెడ్ ప్రోగ్రామ్‌లో 100 మంది కల్పిత ఖాతాదారుల మూడు నెలల లావాదేవీలు, మొత్తం 12,043 వరుసలు ఇస్తారు. 2018 ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు కలిపి 92 రోజులు కావాలి. డేటాలో 91 మాత్రమే ఉంటాయి, ఆగస్టు 16 కనిపించదు. సగటులు లెక్కించి గ్రాఫులు గీసేసినవారికి ఇది తెలియదు. తేదీలను లెక్కపెట్టినవారికి మొదటి పది నిమిషాల్లోనే తెలుస్తుంది. రెండో టాస్కులో అదే డేటా నుంచి ఖాతాదారుల వార్షిక జీతాన్ని అంచనా వేసే మోడల్ తయారుచేయాలి. వరుసలు పన్నెండు వేలున్నా మనుషులు వంద మందే కనుక, ఆ మోడల్ మీద ఎంతవరకు ఆధారపడవచ్చో నిజాయితీగా రాయడం కూడా జవాబులో భాగమే. బలహీనమైన మోడల్‌ను బలహీనమైనదని చెప్పగలవారే బ్యాంకుకు కావాలి, ఎందుకంటే ఆ అంచనా రేపు ఒకరి రుణాన్ని నిర్ణయించవచ్చు.

గోల్డ్‌మన్ శాక్స్ ప్రోగ్రామ్‌లో లీకైన పాస్‌వర్డ్ హ్యాష్‌ల (పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా మార్చి దాచిన రూపాల) జాబితా ఇచ్చి, హ్యాష్‌క్యాట్ వంటి సాధనంతో వాటిని ఛేదించి, లోపాలేమిటో బ్యాంకుకు నివేదించమంటారు. అక్కడ ఎన్ని ఛేదించారన్నదాని కంటే, సాల్ట్ (ప్రతి పాస్‌వర్డ్‌కు కలిపే యాదృచ్ఛిక అక్షరాలు) లేని ఎండీ5 అనే హ్యాష్ పద్ధతి ఎందుకు తగదో, దాని బదులు నెమ్మదిగా లెక్కించే బీక్రిప్ట్ వంటి పద్ధతి ఎందుకు మేలో సాంకేతిక పరిజ్ఞానం లేని మేనేజరుకు అర్థమయ్యేలా రాయడం కష్టం. ఆ సాధనాన్ని ఇచ్చిన జాబితా మీద తప్ప మరెక్కడా ప్రయోగించకూడదని వేరే చెప్పనవసరం లేదు.

నాలుగో అడుగు: నమూనా జవాబును వాడుకోవడం

టాస్కు అప్‌లోడ్ చేసిన తరువాత బ్యాంకు ఉద్యోగులు తయారుచేసిన నమూనా జవాబు కనిపిస్తుంది. మీ జవాబును ఎవరూ కూర్చుని దిద్దరు కాబట్టి, దిద్దుకునే పని మీదే. రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టుకుని, తేడా ఉన్న ప్రతిచోటా వాళ్లు ఎందుకలా చేశారో ఒక్కో వాక్యంలో రాసుకోండి. మీ పద్ధతే మెరుగని అనిపించిన చోట కూడా కారణం రాయండి. ఈ నోట్సే తరువాత మీ ఇంటర్వ్యూ సామగ్రి అవుతుంది.

అయిదో అడుగు: రెజ్యూమేలో పెట్టడం

స్వయంగా చేసుకునే ప్రోగ్రామ్‌ను ఉద్యోగానుభవం కింద, బ్యాంకులో ఇంటర్న్‌గా పనిచేసినట్టు రాయకూడదు. ఇందులో నైతికతతో పాటు ఆచరణకు సంబంధించిన చిక్కు కూడా ఉంది. ఉద్యోగంలో చేరేముందు జరిగే నేపథ్య తనిఖీలో మీరు రాసిన సంస్థలను అడగవచ్చు. ఆ బ్యాంకు రికార్డుల్లో ఉద్యోగిగా మీ పేరు ఉండదు. ప్రాజెక్టులు లేదా సర్టిఫికెట్లు అనే శీర్షిక కింద, జాబ్ సిమ్యులేషన్ అని స్పష్టంగా పేర్కొంటూ రాయండి. దాని కింద రెండే పంక్తులు చాలు, అవి చేసిన పనిని చెప్పాలి: రెండు షేర్ల ధరల నిష్పత్తిని లెక్కించి, హద్దు దాటినప్పుడు హెచ్చరించే గ్రాఫును పైథాన్, టైప్‌స్క్రిప్ట్‌లతో తయారుచేశాను, సున్నా ధర, తలకిందులైన బిడ్, ఆస్క్ సందర్భాలకు యూనిట్ టెస్టులు రాశాను. ఎంతో నేర్చుకున్నాను, బృంద స్ఫూర్తిని పెంపొందించుకున్నాను వంటి వాక్యాలు తీసేయండి. ఒంటరిగా చేసిన పనిలో బృంద స్ఫూర్తి ఎక్కడిదని అడిగితే జవాబు ఉండదు.

ఆరో అడుగు: అసలైన ఇంటర్న్‌షిప్‌కు ఎంపికైతే

జీతమిచ్చే వర్చువల్ ఇంటర్న్‌షిప్‌కు ఆన్‌లైన్ పరీక్ష, ఆ తరువాత చాలా బ్యాంకుల్లో హైర్‌వ్యూ వంటి రికార్డు చేసే ఇంటర్వ్యూ ఉంటాయి. అందులో ఎదుట మనిషి ఉండరు. తెర మీద ప్రశ్న వస్తుంది, ఆలోచించుకోవడానికి కొద్ది సెకన్లు ఇస్తారు, తరువాత కెమెరాను చూస్తూ జవాబు చెప్పాలి. అద్దం ముందు సాధన చేయడం కన్నా, ఫోనులో రికార్డు చేసుకుని ధ్వని మాత్రమే వినడం ఎక్కువ పనికొస్తుంది. ఎక్కడ నసుగుతున్నామో అప్పుడు తెలుస్తుంది.

చేరిన తరువాత చేయవలసిన పని కంటే ముందు చేయకూడనివి తెలుసుకోవాలి. బ్యాంకు డేటాను సొంత ఈమెయిల్‌కు పంపుకోకూడదు. తెర ఫొటో తీయకూడదు. కోడ్‌ను బయటి చాట్‌బాట్‌లో అతికించకూడదు. ఇంట్లో మరొకరికి తెర కనిపించే చోట కూర్చోకూడదు. సొంతంగా షేర్లు కొనే అలవాటు ఉంటే, ఇంటర్న్‌లకు కూడా వర్తించే ముందస్తు అనుమతి నియమాలు ఉన్నాయేమో మొదటి రోజే అడగాలి.

వీటన్నిటిలోకీ విద్యార్థులు తేలిగ్గా తీసుకునేది సందేశాల సంగతి. మేనేజరుకు వాట్సాప్‌లో ఒక మాట పంపడం మనకు మామూలు విషయం. అమెరికాలో మాత్రం బ్రోకరేజ్ సంస్థలు వ్యాపార సంబంధమైన సందేశాలన్నిటినీ భద్రపరచాలని చట్టం చెబుతుంది. ఉద్యోగులు సొంత ఫోన్లలో మాట్లాడుకున్న సందేశాలను భద్రపరచనందుకు 2021 డిసెంబరులో జేపీ మోర్గాన్ బ్రోకరేజ్ విభాగం అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి 12.5 కోట్ల డాలర్లు, దానికితోడు ఫ్యూచర్స్ మార్కెట్ నియంత్రణ సంస్థ సీఎఫ్‌టీసీకి బ్యాంకు 7.5 కోట్ల డాలర్లు కట్టవలసి వచ్చింది. 2022 సెప్టెంబరులో ఇదే కారణంతో ఎస్‌ఈసీ 16 వాల్‌స్ట్రీట్ సంస్థల నుంచి 110 కోట్ల డాలర్లకు పైగా జరిమానాలు వసూలు చేసింది. కనుక బ్యాంకు ఇచ్చిన చాట్‌లోనే మాట్లాడండి. మేనేజరే పొరపాటున వాట్సాప్‌లో పని సంగతి అడిగినా, జవాబును బ్యాంకు చాట్‌లో ఇవ్వండి.

దూరం నుంచి పనిచేసేటప్పుడు మీరు ఎక్కడ ఆగిపోయారో ఎవరికీ కనిపించదు. అందుచేత ప్రతిరోజూ సాయంత్రం మూడు వాక్యాల సందేశం పంపే పద్ధతి పెట్టుకోండి: ఈ రోజు ఏం పూర్తయింది, ఏది ఆగింది, రేపు ఏది మొదలుపెడతాను. సందేహం అడిగేటప్పుడు ఇది రావడం లేదండీ అని ఊరుకోకుండా, ఏం చేయబోయారో, ఏ ఎర్రర్ వచ్చిందో, అప్పటిదాకా ఏమేం ప్రయత్నించారో ఒకే సందేశంలో రాస్తే, అవతలివారు మీటింగ్‌ల మధ్య దొరికిన రెండు నిమిషాల్లోనే జవాబు ఇవ్వగలుగుతారు.

ఏడో అడుగు: ఇంటర్వ్యూలో చెప్పడం

చేసిన పని గురించి మాట్లాడేటప్పుడు సాధనాల పేర్లతో మొదలుపెట్టకండి. ఎవరికి ఏ ఇబ్బంది ఉంది, డేటా ఎలా వస్తోంది, అందులో తప్పు ఎక్కడ ఉంది, మీరు ఏం మార్చారు, దాన్ని ఎలా పరీక్షించారు అనే వరుసలో చెప్పండి. ఆ తరువాత వచ్చే ప్రశ్నలను ముందుగానే ఊహించవచ్చు: సగటు కాకుండా చివరిగా అమ్ముడైన ధరను తీసుకుంటే ఏమయ్యేది, రెండు షేర్ల ధరలు వేర్వేరు సమయాల్లో వస్తే నిష్పత్తికి అర్థం ఉంటుందా, రెండు షేర్లకు బదులు రెండు వేల షేర్లు ఉంటే మీ కోడ్ తట్టుకుంటుందా, హెచ్చరిక హద్దును మీరు పెట్టిన చోటే ఎందుకు పెట్టారు. ఒక్కోదానికి జవాబు రాసి, మీ వద్ద ఉన్న ప్రాజెక్టులోనే మార్పు చేసి చూడండి. ప్రోగ్రామ్‌ను బ్యాంకు ఎప్పుడైనా మార్చవచ్చు లేదా తీసేయవచ్చు కనుక, టాస్కు సూచనలను, మీ ప్యాచ్ ఫైళ్లను, నోట్సును పూర్తి చేసిన రోజే మీ కంప్యూటర్‌లో ఒక ఫోల్డరులో దాచుకోండి. వాటిని బహిరంగంగా పెట్టదలచుకుంటే మాత్రం ప్రోగ్రామ్ నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయో లేదో చదివిన తరువాతే పెట్టండి.